అప్‌డేట్: తమ్ముడికి గొంతులు వినిపించడం, చివరికి ఏం తేలిందంటే

మూడు నెలల కింద అడిగాను: తమ్ముడికి ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నాయి, పక్కింటివాళ్లు కుట్ర చేస్తున్నారంటున్నాడు, హైదరాబాద్‌లో మంచి థెరపిస్ట్ ఉన్నారా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు సైకియాట్రిస్ట్, థెరపీ తర్వాత" అన్నవాళ్ల మాటే నిజమైంది. కౌన్సెలర్ల కోసం వెతుకుతూ నేనే రెండు వారాలు పోగొట్టాను. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడారు. మర్నాడే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఓపీకి వెళ్లాం. "పిచ్చాసుపత్రికా?" అని ఆటోలో అమ్మ ఒకటే ఏడుపు. వాడు మొదట రానన్నాడు. "నిద్ర పట్టట్లేదుగా, దానికే చూపించుకుందాం" అంటే కదిలాడు.

థైరాయిడ్, బి12 పరీక్షలు నార్మల్. గంజాయి అలవాటుందా అని కూడా అడిగారు, లేదు. సైకోసిస్ (లేనివి వినిపించడం, లేనిపోని అనుమానాలు నిజమనిపించడం) అని చెప్పి, దానికి రిస్పెరిడోన్ అనే మందు మొదలుపెట్టారు. నాలుగో వారంలో, పక్కింటివాళ్ల భయంతో కిటికీకి అంటించిన న్యూస్‌పేపర్లు వాడే పీకేశాడు. గొంతులు తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు. బరువు పెరిగాడు, అందుకని షుగర్ కూడా చూస్తున్నారు. బాగైందని మందు మనంతట మనమే ఆపొద్దని గట్టిగా చెప్పారు.

ఇప్పుడు వారానికోసారి క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తున్నాడు. మీరు వెతికేటప్పుడు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. నేను భయపడ్డ మెదడులో గడ్డ, అత్తయ్య కట్టించిన తాయెత్తు, రెండూ లెక్కలోకి రాలేదు. తాయెత్తు మాత్రం ఇంకా చేతికే ఉంది, అత్తయ్య ఊరుకోదు మరి.