షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు: డైలాగులో చెప్పేస్తున్నది బొమ్మలో చూపించడం ఎలా? (ఫోరం చర్చ. తొలిసీన్, ఎడమసగం, ఎడిట్‌టేబుల్, మూగనోము అన్నవి సభ్యుల పేర్లు)

తొలిసీన్:
12 పేజీల షార్ట్ ఫిల్మ్ రాస్తున్నాను. కిరణ్‌కి ఉద్యోగం పోయింది, ఇంట్లో చెప్పలేదు. రోజూ తొమ్మిదింటికి అమ్మ కట్టిన బాక్సు పట్టుకుని వెళ్లి పార్కులో కూర్చుని సాయంత్రం ఇంటికొస్తాడు. అమ్మకి ఎలా తెలుస్తుందన్నదే కథ. ఇప్పుడున్న వెర్షన్‌లో ఫ్రెండ్‌తో రెండు పేజీలు మాట్లాడి అంతా చెప్పేస్తాడు, తర్వాత పక్కింటావిడ అమ్మ చెవిన వేస్తుంది. చదివినవాళ్లంతా రేడియో నాటకంలా ఉందంటున్నారు. డైలాగులు తీసేస్తే అర్థం కాదేమోనని భయం. ఎక్కడ మొదలుపెట్టాలి? క్లోజప్, ట్రాలీ (కెమెరాని పట్టాల మీద కదిలించడం) లాంటి కెమెరా సూచనలు నేనే రాయాలా?

ఎడమసగం:
ముందు స్క్రిప్టుని మన పాత పద్ధతిలో పేజీని నిలువునా రెండు సగాలు చేసి రాయండి. ఎడమవైపు యాక్షన్, కుడివైపు డైలాగు. ఎడమవైపు బోసిగా ఉన్న పేజీలు ఏవో మీకే కనిపిస్తాయి. తర్వాత కుడి సగాన్ని కాగితంతో కప్పి, కథ తెలియని ఒకరికి ఎడమ సగం మాత్రమే ఇవ్వండి. ఈ సీన్లో ఎవరికి ఏం కావాలి, ఎవరు ఏం దాస్తున్నారు, ఈ రెండూ చెప్పగలిగితే సీను నిలబడ్డట్టే.

మీకు కావలసిన వస్తువు కథలోనే ఉంది: ఆ బాక్సు. ఆఫీసులో తినేవాడు బాక్సు కడగడు, మూత పెట్టి బ్యాగులో పడేస్తాడు. పార్కులో కూర్చున్నవాడికి బోలెడు టైము, పక్కనే కుళాయి. కథని ఉద్యోగం ఉన్న రోజు నుంచే మొదలుపెట్టండి.

సీన్ 2. ఇంటీరియర్ / వంటగది / రాత్రి
సరోజ (కిరణ్ అమ్మ) బాక్సు మూత తీస్తుంది. అడుగున ఎండి అతుక్కుపోయిన పప్పు.
గోటితో గీకుతుంది. ఊడదు. నీళ్లు పోసి నానబెడుతుంది.

సీన్ 9. ఇంటీరియర్ / వంటగది / రాత్రి
సరోజ పీచు చేతిలోకి తీసుకుని మూత తీస్తుంది.
బాక్సు లోపల తళతళలాడుతోంది. తడి కూడా లేదు.
హాల్లోకి చూస్తుంది. కిరణ్ షూ విప్పుతున్నాడు.
పీచు మళ్లీ స్టాండులో పెట్టేస్తుంది.

దీంతో పక్కింటావిడ అవసరం లేదు. ఫ్రెండ్ సీను కూడా పోతుంది. అయితే సీన్ 2లో బాక్సు ఒక్కటే ఉంటే "ఇది గుర్తుపెట్టుకోండి" అని వేలుపెట్టి చూపించినట్టుంటుంది. ఆవిడ బాక్సు గీకుతూ కరెంటు బిల్లు గురించో, చెల్లెలి పెళ్లిచూపుల గురించో మాట్లాడాలి. ప్రేక్షకుడి చెవి అటు, కన్ను ఇటు. 12 పేజీల్లో రెండో పేజీలో ఈ ఆనవాలు నాటితే, ఎనిమిది తొమ్మిది పేజీల దగ్గర దాని ఫలితం కోయండి. మూడు నాలుగు పేజీల్లోనే వస్తే ఊహించేస్తారు.

ఎడిట్‌టేబుల్:
పైన సీన్ 9లో గమనించాల్సింది వరస. బాక్సు ముందు, కిరణ్ తర్వాత. 1920 ప్రాంతంలో రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒకే నటుడి ఒకే ముఖాన్ని సూపు గిన్నె పక్కన, శవపేటిక పక్కన అతికించి చూపించాడు. ముఖం మారలేదు, చూసేవాళ్లు చదువుకున్న భావం మారింది. ఆ పనిని రచయిత కాగితం మీదే చేయొచ్చు. ముఖం ముందు రాస్తే "ఏం చూసింది?" అన్న ఆత్రం. వస్తువు ముందు రాస్తే ప్రేక్షకుడు పాత్రతో పాటే కనిపెడతాడు. ఇక్కడ రెండోదే కావాలి.

అందుకే క్లోజప్ అని రాయనక్కర్లేదు. "అడుగున ఎండిన పప్పు" అని విడి లైన్లో రాస్తే కెమెరా దగ్గరికి వెళ్లక తప్పదు. చూపు మారిన ప్రతిచోటా కొత్త పేరా, ఒక్కో పేరా మూడు లైన్లు దాటకుండా. ఇంగ్లీషు స్క్రిప్టుల్లో ముఖ్యమైన వస్తువునీ శబ్దాన్నీ పెద్దక్షరాల్లో రాస్తారు. మనకి ఆ వీలు లేదు కాబట్టి కింద గీత గీయండి, అదీ మొదటిసారి వచ్చినప్పుడే.

"కిరణ్ లోలోపల కుమిలిపోతున్నాడు", "అమ్మకి పాత రోజులు గుర్తొచ్చాయి" లాంటివి కొట్టేయండి, వాటిని షూట్ చేయలేం. అలాగని వాటి బదులు దీపం ఆరిపోవడం, గాజు గ్లాసు పగలడం పెట్టొద్దు. ఆ గుర్తులు ఎవరి కథకైనా అతుకుతాయి, మీ కథ గురించి ఏమీ చెప్పవు.

మూగనోము:
డైలాగులన్నీ తీసేయమనడం మాత్రం నేను ఒప్పుకోను. బొమ్మ నిజం చెబుతున్నప్పుడు మాట అబద్ధం చెబితే సీను రెట్టింపవుతుంది. సీన్ 9 చివర ఈ రెండు లైన్లు పెట్టి చూడండి:

సరోజ: ఆఫీసులో పనెక్కువగా ఉందా నాన్నా?
కిరణ్: ఊపిరాడట్లేదమ్మా.

ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలుసని మనకీ తెలుసు. వాడికే తెలియదు.

శబ్దం కూడా ఎడమ సగంలోనే రాయాలి. సింగీతం శ్రీనివాసరావు గారి మాటల్లేని సినిమా పుష్పక విమానంలో (1987) హోటల్ గదికి మారిన హీరోకి ఆ నిశ్శబ్దంలో నిద్రపట్టదు. తన పాత గది దగ్గరి సినిమా హాలు గోలని టేపులో పట్టుకొచ్చి పెట్టుకుంటాడు. వాడు ఎలాంటి బతుకు నుంచి వచ్చాడో ఆ టేపే చెప్పేస్తుంది. మీ పార్కులో పక్క స్కూలు లంచ్ బెల్లు మోగినప్పుడే కిరణ్ బాక్సు తెరిస్తే, టైము చూపించడానికి వాచీ షాటు అక్కర్లేదు.

తొలిసీన్:
బాక్సు ఆలోచన చాలా బాగుంది, ఫ్రెండ్ సీను తీసేస్తున్నాను. రెండు సందేహాలు. టర్మినేషన్ మెయిల్‌ని ఫోన్ స్క్రీన్ మీద చూపించొచ్చా? స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద ఒక నిమిషం అన్న లెక్క తెలుగులో పనిచేస్తుందా?

ఎడిట్‌టేబుల్:
ఆ లెక్క అక్షరాలన్నీ ఒకే వెడల్పుండే 12 పాయింట్ కొరియర్ ఫాంటులో ఇంగ్లీషు ఫార్మాట్‌కి కట్టింది, అక్కడా అంచనాయే. తెలుగు ఫాంట్లలో అక్షరం వెడల్పు ఒకటి కాదు, పేజీని రెండు సగాలు చేసే ఫార్మాట్ అయితే అసలు కుదరదు. స్టాప్‌వాచ్ పెట్టి డైలాగు పైకి చదవండి, యాక్షన్ చేసి చూడండి. సీన్ 9 కాగితం మీద ఆరు లైన్లే, తెర మీద ముప్పావు నిమిషం తీసుకోవచ్చు.

మెయిల్ మొత్తం చూపించొద్దు. తెర మీద అక్షరాలు ఉంటే ఎడిటర్ దాన్ని రెండుసార్లు చదివేంతసేపు ఉంచాలి, సీను అక్కడే చల్లారిపోతుంది. నాలుగైదు మాటలు చాలు. లేదా ఆఫీసు గేటు దగ్గర ఐడీ కార్డు పెడితే ఎర్ర లైటు వెలగడం, వాడు మళ్లీ పెట్టడం, మళ్లీ ఎర్ర లైటు, వెనకాల క్యూ.

ఎడమసగం:
ఒక్కటి షూటింగుకి సంబంధించింది. ఒకే మోడల్ బాక్సులు రెండు కొనండి. సీన్ 2ది, సీన్ 9ది కలిసిపోకూడదు, గీతలు పడితే కంటిన్యుటీ (షాటుకీ షాటుకీ మధ్య పొంతన) పోతుంది. పప్పు సెట్లో అప్పటికప్పుడు ఎండదు. ముందు రోజు రాత్రే పల్చగా పూసి మూత తీసి ఉంచమని స్క్రిప్టు పక్కన ఆర్ట్ వాళ్లకి నోట్ రాయండి.