ఇంజన్ రిచ్‌గా నడుస్తోంది, ఆక్సిజన్ సెన్సర్ మాత్రం లీన్ అంటోంది: పీ0131, పీ0133 కోడ్‌లు పోవడం లేదు

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాది 2 లీటర్ల, నాలుగు సిలిండర్ల, టర్బో లేని పెట్రోల్ ఇంజన్. ఇందులో లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ లేదు. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోని ఒత్తిడిని బట్టి ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, గాలి లెక్క కట్టుకుంటుంది. ముందు ముందు కామ్‌షాఫ్ట్ కూడా మార్చాలన్న ఉద్దేశంతో, మొదటి విడతలో నిమిషానికి 240 సీసీ పోసే ఇంజెక్టర్లను తీయించి 310 సీసీవి వేయించి, వాటికి తగినట్టు ఈసీయూలోని పెట్రోల్ లెక్కల పట్టికలను, అంటే మ్యాప్‌ను, తిరగరాయించాను. కొన్ని నెలల తరువాత రెండో విడతలో ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ తీసి పొడవాటి గొట్టాల హెడర్ పెట్టించాను. దానితో ఆక్సిజన్ సెన్సర్ స్థానం దూరమైనందున దాని వైర్లను కోసి, మధ్యలో మరో ముక్క కలిపి పొడిగించారు.

మొదటి విడత తరువాత అప్పుడప్పుడు పీ0172, అంటే మిశ్రమం మరీ రిచ్‌గా, గాలికి తగినదానికంటే పెట్రోల్ ఎక్కువగా ఉందన్న కోడ్ వచ్చేది. హెడర్ పెట్టించాక అది మళ్లీ కనిపించలేదు గనుక సమస్య తీరిందనుకున్నాను. కానీ వారం తిరగకముందే పీ0131, పీ0133 వచ్చాయి. సెన్సర్ కొత్తది వేసినా మూడో రోజుకు అవే కోడ్‌లు తిరిగి వచ్చాయి. ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత ఐడ్లింగ్‌లో సెన్సర్ ఎక్కువసేపు 0.1 నుంచి 0.2 వోల్టుల మధ్యనే ఉంటోంది. దీర్ఘకాలిక ఫ్యూయల్ ట్రిమ్ (సెన్సర్‌ను చూసి ఈసీయూ పెట్రోల్‌ను పెంచే, తగ్గించే సవరణ) ప్లస్ 8 శాతం, స్వల్పకాలిక ట్రిమ్ దానిపైన మరో 10 శాతం దాకా చూపిస్తోంది. 2500 ఆర్‌పీఎమ్ వద్ద సెన్సర్ పైకీ కిందికీ కదులుతోంది, దీర్ఘకాలిక ట్రిమ్ మైనస్ 4 దగ్గర ఆగుతోంది. స్పార్క్ ప్లగ్‌లు చూస్తే పొడి మసితో నల్లగా ఉన్నాయి, సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన ఘాటుగా వస్తోంది, మైలేజీ కూడా పడిపోయింది. సెన్సర్ లీన్, అంటే పెట్రోల్ తక్కువ, అంటుంటే ప్లగ్‌లు నల్లబడటం ఎలా సాధ్యం? రెండో సెన్సర్ కూడా పాడైందనుకోవాలా?

జవాబు 1

కొత్త సెన్సర్ నకిలీది అయివుండే అవకాశం ఉందండీ. కంపెనీ సెన్సర్ తెప్పించి వేయండి, బ్యాటరీ తీసి ఈసీయూ పాత లెక్కలు చెరిపేసి చూడండి. నా కారులో పీ0133 అలాగే పోయింది.

జవాబు 2

మూడో సెన్సర్ కొనే ముందు కొంచెం ఆగమని కోరుతున్నాను. పీ0131 అంటే మొదటి బ్యాంకులోని, అంటే మొదటి సిలిండర్ ఉన్న వరుసలోని, మొదటి సెన్సర్ నుంచి తక్కువ వోల్టేజీ వస్తోందని, పీ0133 అంటే ఆ సెన్సర్ స్పందన మందంగా ఉందని మాత్రమే అర్థం. ఆ వైరులో ఈసీయూకు కనిపించినదే కోడ్‌గా వస్తుంది తప్ప, సెన్సర్ చెడిపోయిందని ఆ రెండింటిలో ఏదీ చెప్పదు.

ఈ సెన్సర్ పెట్రోల్‌ను కొలవదు, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బయటి గాలితో పోల్చి చూస్తుంది. ఆక్సిజన్ లేకపోతే 0.9 వోల్టు దగ్గరకు వెళుతుంది, మిగిలివుంటే 0.1కి దిగుతుంది, 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్ అనే సమతూకం దగ్గర 0.45ను దాటుతూ అటూ ఇటూ ఊగుతుంది. కాబట్టి ఇంజన్ రిచ్‌గా ఉండి కూడా సెన్సర్ లీన్ అంటోందంటే, సిలిండర్లలోకి వెళ్లని ఆక్సిజన్ ఎక్కడో దారిలో పొగలో కలుస్తూ ఉండాలి, లేదా ఏదో సిలిండర్ మండకుండా తన గాలిని అలాగే బయటికి తోస్తూ ఉండాలి, లేదా సెన్సరో వైరింగో అబద్ధం చెబుతూ ఉండాలి.

మీరు చెప్పిన క్రమంలోనే అసలు ఆధారం ఉంది. హెడర్ వేసిన వెంటనే పీ0172 మాయమైంది. హెడర్ మార్చితే ఇంజెక్టర్లు పోసే పెట్రోల్ తగ్గదు కదా. థర్మామీటరును చన్నీళ్లలో ముంచి జ్వరం తగ్గిందనుకున్నట్టయింది. నా అనుమానం హెడర్ ఫ్లాంజ్ (హెడర్‌ను ఇంజన్‌కు బిగించే పలక) దగ్గరి గ్యాస్కెట్ మీద. ఎగ్జాస్ట్‌లో ఒత్తిడి ఎప్పుడూ బయటికే ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, ఒక్కో సిలిండర్ పొగను తోసిన తరువాత ఆ గొట్టంలో క్షణకాలం ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువకు దిగుతుంది, అప్పుడు సన్నని సందు నుంచి కూడా గాలి లోపలికి వస్తుంది. ఐడ్లింగ్‌లో పొగ తక్కువ గనుక ఆ కొద్దిపాటి గాలి వాటా ఎక్కువ. 2500 వద్ద పొగ ప్రవాహం పెరిగి ఆ ప్రభావం పలచబడుతుంది. మీ ట్రిమ్ ఐడ్లింగ్‌లో ప్లస్ వైపు, వేగం పెంచితే మైనస్ వైపు ఉండటం దీనితో సరిపోతుంది. పైగా ఆ తప్పుడు సంకేతాన్ని నమ్మి ఈసీయూ ఇంకా పెట్రోల్ పోస్తోంది, ప్లగ్‌లు నల్లబడటానికి అదీ ఒక కారణం.

ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఫ్లాంజ్ దగ్గర టిక్ టిక్‌మని శబ్దం వస్తుందేమో వినండి. లోహం వేడికి వ్యాకోచించాక ఆ శబ్దం తగ్గిపోతుంది. ఇంజన్ ఆపి, చల్లబడ్డాక, వాక్యూమ్ క్లీనర్ గాలి బయటికి వదిలే వైపును సైలెన్సర్ గొట్టానికి అమర్చి, హెడర్ అతుకులన్నిటిపైనా సబ్బు నీళ్లు చల్లితే బుడగలే చోటు చూపిస్తాయి. సెన్సర్‌ను పరీక్షించడానికి, ఇంజన్ వేడిగా నడుస్తున్నప్పుడు ఎయిర్ ఫిల్టర్ దగ్గర నుంచి కొద్దిగా ప్రొపేన్ వాయువు పీల్చుకోనివ్వండి: వోల్టేజీ ఒక్కసారిగా 0.8 దాటాలి. తరువాత సన్నని వాక్యూమ్ గొట్టం ఒకటి తీసేస్తే వెంటనే 0.2 కిందికి రావాలి. రెండు వైపులా చప్పున వెళ్లి వస్తే సెన్సర్ నిర్దోషి. ఈ పని ఆరుబయట చేయండి, నిప్పుకు దూరంగా ఉండండి.

జవాబు 3

జవాబు 2తో ఏకీభవిస్తూనే వైర్ల సంగతి గుర్తు చేస్తున్నాను. జిర్కోనియా సెన్సర్ సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని సరిగా పనిచేయదు. ఇంజన్‌కు దగ్గరగా ఉండాల్సిన సెన్సర్‌ను హెడర్ గొట్టాలన్నీ కలిసే చోటికి జరిపినప్పుడు, ఐడ్లింగ్‌లో దాన్ని వేడిగా ఉంచే భారమంతా లోపలి హీటర్ మీదే పడుతుంది. హీటర్ సర్క్యూట్‌లో లోపాన్ని చెప్పే పీ0135 కోడ్ రాలేదు గనుక హీటర్ తీగ తెగలేదని అనుకోవచ్చు, కానీ పొడిగించిన చోట అతుకు బలహీనంగా ఉంటే హీటర్‌కు పూర్తి వోల్టేజీ అందదు. హీటర్ పనిచేస్తుండగా సెన్సర్ ప్లగ్ దగ్గర సరఫరా వోల్టేజీనీ, గ్రౌండ్ వైపు వోల్టేజీ నష్టాన్నీ మల్టీమీటర్‌తో కొలవండి.

వైర్లకు సోల్డర్ పెట్టారా, క్రింప్ చేశారా (కరిగించకుండా నొక్కి బిగించారా)? పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని చాలా సెన్సర్లు తమ వైర్ల లోపలి సందుల గుండానే తీసుకుంటాయి. సోల్డర్ కరిగి ఆ సందులను మూసేస్తే పోలిక గాలిలో ఆక్సిజన్ తగ్గి వోల్టేజీ కిందికి జరుగుతుంది, అది కూడా పీ0131 లాగే కనిపిస్తుంది. హెడర్ బిగించేటప్పుడు సిలికాన్ సీలెంట్ వాడారేమో కూడా కనుక్కోండి. సెన్సర్లకు హాని చేయనిదని డబ్బాపై రాసిలేని సీలెంట్ ఆవిరి సెన్సర్ కొన మీద తెల్లని పొరగా పేరుకుంటుంది, ఆ సెన్సర్ ఇక కోలుకోదు. రిచ్‌గా నడిచినందువల్ల పట్టిన నల్లని మసి అంత ప్రమాదం కాదు, మిశ్రమం సరిపడితే చాలావరకు అదే కాలిపోతుంది.

ప్రశ్న వేసినవారి స్పందన

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ప్రొపేన్ ఇవ్వగానే వోల్టేజీ ఒక సెకను లోపే 0.85కి వెళ్లింది, గొట్టం తీస్తే 0.1కి పడింది. సబ్బు నీళ్లు చల్లితే నాలుగో సిలిండర్ వైపు ఫ్లాంజ్ చివర బుడగలు వచ్చాయి. విప్పి చూస్తే ఫ్లాంజ్ కొద్దిగా వంగివుంది, గ్యాస్కెట్ మీద అక్కడి నుంచి నల్లని చార స్పష్టంగా ఉంది. ఫ్లాంజ్‌ను మెషినింగ్ చేయించి, పొరల స్టీల్ గ్యాస్కెట్ వేసి, ఒకసారి వేడెక్కి చల్లారాక బోల్టులు మళ్లీ బిగించాను. సిలికాన్ ఏమీ వాడలేదు. వైర్లకు మాత్రం సోల్డరే పెట్టారు. దాన్ని కోసేసి క్రింప్ చేయించాను. హీటర్ వోల్టేజీ ఇప్పుడు సరిగా ఉంది. ప్లగ్‌లు కూడా కొత్తవి వేశాను.

పీ0131, పీ0133 పోయాయి. కానీ రెండు రోజులకే పీ0172 తిరిగి వచ్చింది! ఐడ్లింగ్‌లో దీర్ఘకాలిక ట్రిమ్ మైనస్ 21, 2500 వద్ద మైనస్ 9. బయలుదేరిన చోటికే వచ్చినట్టుంది.

జవాబు 2 ఇచ్చినవారి స్పందన

మొదట ఉన్న జబ్బు ఇదే, ఇప్పుడు సెన్సర్ నిజం చెబుతోంది. అంకెలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చూడండి. ఇంజెక్టర్ పరిమాణాన్ని మ్యాప్‌లో అసలు మార్చకుండా వదిలేసి ఉంటే 310ని 240తో భాగించగా వచ్చే 29 శాతం అదనం అన్ని వేగాల వద్దా దాదాపు ఒకేలా కనిపించేది. పెట్రోల్ ఒత్తిడి ఎక్కువైనా అంతే: ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది గనుక 3 బార్ 4 బార్ అయితే 15 శాతం అదనం, అదీ అన్నిచోట్లా. మీకు ఐడ్లింగ్‌లో తేడా ఎక్కువ, వేగంలో తక్కువ. అంటే ప్రతి పోతలోనూ ఒకే కొలత పెట్రోల్ అదనంగా పడుతోంది.

ఇంజెక్టర్‌కు కరెంటు అందిన క్షణం నుంచి అది నిజంగా తెరుచుకునే దాకా పట్టే సమయాన్ని డెడ్ టైమ్ అంటారు. ఈసీయూ ప్రతి పోతకూ ఆ సమయాన్ని కలుపుతుంది. పాత ఇంజెక్టర్ల డెడ్ టైమ్ 0.8 మిల్లీసెకన్లు, కొత్తవాటిది 0.5 అనుకుందాం. పరిమాణం మార్చి డెడ్ టైమ్ పట్టికను పాతదే ఉంచితే ప్రతిసారీ 0.3 మిల్లీసెకన్లు ఎక్కువ తెరిచి ఉంటుంది. ఐడ్లింగ్‌లో పల్స్ 2 మిల్లీసెకన్లయితే 1.2 పోయాల్సిన చోట 1.5 పోస్తుంది, అది 25 శాతం రిచ్. సరిదిద్దడానికి ట్రిమ్ మైనస్ 20కి వెళ్లాలి. 2500 వద్ద పల్స్ 4 అయితే 3.2కి బదులు 3.5, ట్రిమ్ మైనస్ 9 చాలు. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవే అయినా, మీ స్కానర్ చూపినవాటికి ఇంత దగ్గరగా రావడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

అయినా ఐడ్లింగ్‌లోనే ఎక్కువగా కనిపించే ఇతర లోపాలు ఉన్నాయి గనుక పట్టిక ముట్టుకునే ముందు వాటిని తోసిపుచ్చాలి. ఈవాప్ పర్జ్ గొట్టాన్ని (ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజన్‌లోకి పంపేది) నొక్కి పట్టి ట్రిమ్ మారుతుందేమో చూడండి. ప్రెజర్ రెగ్యులేటర్ ఇంజన్ పక్కనే ఉన్న రకమైతే దాని వాక్యూమ్ గొట్టం తీసి చూడండి. లోపల పెట్రోల్ తడి ఉంటే డయాఫ్రమ్ చిరిగినట్టే. ఇంజన్ ఆపాక పెట్రోల్ ఒత్తిడి నిలుస్తోందా, త్వరగా పడిపోతోందా అన్నది గేజ్‌తో చూస్తే కారుతున్న ఇంజెక్టర్ ఉందేమో తెలుస్తుంది. ఇంజన్ వేడెక్కాక కూలెంట్ సెన్సర్ చూపే ఉష్ణోగ్రత నిజమైనదేనా అని కూడా ఒకసారి సరిచూసుకోండి.

ఇవన్నీ సరిగా ఉంటే ఐడ్లింగ్‌లో హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం హీటర్ అన్నీ ఒకేసారి వేయండి. వోల్టేజీ తగ్గితే డెడ్ టైమ్ పెరుగుతుంది, అందుకే ఆ పట్టిక బ్యాటరీ వోల్టేజీని బట్టి రాసి ఉంటుంది. వోల్టేజీ పడినప్పుడు ట్రిమ్ గమనించదగినంత కదిలితే పట్టిక కొత్త ఇంజెక్టర్లది కాదన్న అనుమానం బలపడుతుంది. మీ మ్యాప్ రాసినవారిని కొత్త ఇంజెక్టర్ల తయారీదారు ఇచ్చిన డెడ్ టైమ్ అంకెలు వాడారా అని నేరుగా అడగండి.

కామ్‌షాఫ్ట్ మాత్రం ఇదంతా తేలేదాకా వాయిదా వేయండి. ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) ఎక్కువున్న కామ్ ఐడ్లింగ్‌లో వాక్యూమ్ తగ్గిస్తుంది, మీ ఈసీయూ దాన్ని లోడ్ అనుకుని పెట్రోల్ పెంచుతుంది. అదే సమయంలో మండని గాలి నేరుగా ఎగ్జాస్ట్‌లోకి జారి సెన్సర్‌తో లీన్ అనిపిస్తుంది. అప్పుడు పీ0131 మళ్లీ వస్తే అది గ్యాస్కెట్ వల్లనో కామ్ వల్లనో విడదీయలేక ఇబ్బంది పడతారు.

మరొక్క మాట. ఇన్ని నెలలు రిచ్‌గా నడిచిన ఇంజన్‌లో ఆయిల్‌లోకి పెట్రోల్ దిగి ఉంటుంది. డిప్‌స్టిక్ వాసన చూడండి, మట్టం పెరిగిందేమో గమనించండి. వేడెక్కినప్పుడు ఆ పెట్రోల్ ఆవిరి పీసీవీ గొట్టం (ఆయిల్ ఉండే భాగంలోని ఆవిరిని బయటికి తీసేది) గుండా ఇన్‌టేక్‌లోకి వెళ్లి ఐడ్లింగ్ ట్రిమ్‌ను మరింత మైనస్‌లోకి లాగుతుంది. కాబట్టి ఆయిల్, ఫిల్టర్ మార్చాకే కొత్త అంకెలు తీసి, ఆ అంకెలనే మ్యాప్ రాసేవారికి ఇవ్వండి.