అప్‌డేట్: మా ఊరి ప్రైమరీ స్కూల్ గేటు సంగతి

రెండు నెలల కిందట అడిగాను కదా, మా పాప చదివే సర్కారు బడి గేటు మెయిన్ రోడ్డు మీదకే ఉంది, బెల్లు కొట్టగానే పిల్లలంతా ఒక్కసారిగా రోడ్డెక్కేస్తున్నారు, ఏం చేయాలని. "గొడవ పెట్టుకోకండి, ముందు కమిటీలో మాట్లాడండి" అన్నవాళ్లకి థాంక్స్.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. మా దగ్గరా ఉన్నారు, కాగితం మీద. నిజం చెప్పాలంటే, నేనూ అందులో సభ్యురాలినని హెచ్ఎం మేడమ్ చెప్తేగానీ గుర్తు రాలేదు!

ఇప్పుడు రోజుకి ఇద్దరం అమ్మలం వంతులవారీగా సాయంత్రం గేటు దగ్గర నిలబడుతున్నాం. ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని ఇంటివాళ్లు వచ్చేదాకా వరండాలోనే కూర్చోబెడుతున్నాం. ఎవరు తీసుకెళ్లాలో టీచర్ నోటుబుక్కులో రాసుకున్నారు. మొన్న ఒక బాబు సొంత మేనమామ వచ్చినా, అందులో పేరు లేదని బడి ఆయమ్మ పంపలేదు. ఆయన చిందులు తొక్కాడు. వాళ్లమ్మకి ఫోన్ చేసి, ఆవిడ సరేనన్నాకే పంపాం. సాయంత్రం ఆవిడే వచ్చి ఆయమ్మకి దణ్ణం పెట్టింది.

గోడ మీద పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పెద్దక్షరాలతో రాయించాం. మా పాప దాన్ని ఎక్కంలా వల్లిస్తోంది.

స్పీడ్ బ్రేకర్ మాత్రం ఇంకా రాలేదు. అర్జీ పెట్టి మూడు వారాలైంది. సోమవారం మళ్లీ వెళ్తున్నాం, ఈసారి పదిమందిమి.