అప్‌డేట్: బాబు ఆదివారాల గొడవ ఒక కొలిక్కి వచ్చింది

పోయిన నెల అడిగింది నేనే. మావాడికి తొమ్మిదో తరగతిలో ఆదివారం పొద్దున టెస్టులు పెట్టారు. కోర్టు ఆర్డర్ ప్రకారం శని, ఆదివారాలు గుంటూరులో వాళ్ల నాన్న దగ్గర ఉండాలి, ఏం చేయను అని. 'పంపడం మానేయండి' అన్నారు కొందరు. ఆ పని చేయకపోవడమే మంచిదైంది. ఆర్డర్ ఉండగా మనంతట మనం ఆపేస్తే తప్పు మన మీదికే వస్తుందని లాయరు గారు గట్టిగా చెప్పారు. విడాకులప్పటి ఆర్డర్‌ని పిల్లల చదువు కోసం మార్చమని హిందూ వివాహ చట్టం, 1955 సెక్షన్ 26 కింద అడగొచ్చట. ఇద్దరూ ఒప్పుకుంటే పని ఇంకా తేలిక.

ఒప్పించడమే కష్టమైంది. విజయవాడ బస్టాండులో టెస్టుల టైంటేబుల్ జిరాక్స్ చేతికిస్తే, 'వాణ్ణి నాకు దూరం చేయడానికేగా?' అన్నారాయన. నాకూ కోపమొచ్చింది. ఈలోగా మావాడు ఆ కాగితం లాక్కుని, టెస్టు లేని రోజులకు ఆకుపచ్చ పెన్నుతో సున్నాలు చుట్టి, 'ఇవి నావి, గుంటూరు వస్తా' అన్నాడు. ఆయన కాసేపు మాట్లాడలేదు.

మేం ఒప్పుకున్నది ఇదీ: టెస్టు లేని రెండో శని, ఆదివారాలు గుంటూరు. మిగతా ఆదివారాలు ఆయనే మధ్యాహ్నం ఇక్కడికొచ్చి రాత్రి ఏడింటికి దింపుతారు. దసరా సెలవులు చెరిసగం, సంక్రాంతి మొత్తం అక్కడే (ఇది మాత్రం నాకింకా మింగుడుపడలేదు). ఇద్దరం సంతకాలు పెట్టి ఫ్యామిలీ కోర్టులో మెమో (మా ఒప్పందం రాసిన కాగితం) వేశాం. వాయిదా వచ్చే వారం. అప్పటిదాకా పాత ఆర్డరే.