రూట్‌గా మొదలైన పైథాన్ స్క్రిప్ట్: యూజర్ మారినా గ్రూపు 0 ఎందుకు పోవట్లేదు?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా కాలేజీలో ఇంటర్నల్ మార్కులు చూపించే చిన్న పైథాన్ సర్వర్ రాశాను. డెబియన్ మెషీన్. పోర్ట్ 443 తెరవాలి, రూట్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ యూజర్) మాత్రమే చదవగల ప్రైవేట్ కీ ఫైలు లోడ్ చేసుకోవాలి, అందుకే రూట్‌గా మొదలవుతుంది. ఆ రెండు పనులూ అయ్యాక దీనికోసమే పెట్టిన సిస్టమ్ యూజర్‌గా మారిపోవాలి.

ముందు యూజర్‌ని మార్చే సెట్‌యూఐడీ, తర్వాత గ్రూపుని మార్చే సెట్‌జీఐడీ పెడితే రెండోదాని దగ్గర పర్మిషన్ ఎర్రర్. తారుమారు చేస్తే ఎర్రర్ లేదు. ప్రాసెస్ స్టేటస్ ఫైలు చూస్తే యూఐడీ లైనులో నాలుగు చోట్లా 998 (కొత్త యూజర్ నంబరు) వచ్చింది, కానీ గ్రూప్స్ లైనులో ఇంకా 0 (రూట్ గ్రూపు) కనిపిస్తోంది. ఇలాగే వదిలేయొచ్చా? పిల్లల మార్కులు కదా, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:

వదిలేయకండి. ఆ 0 ఉన్నంతవరకు మీ సర్వర్ రూట్ గ్రూపు సభ్యుడే. యజమాని రూట్, గ్రూపు రూట్, అనుమతుల మోడ్ 640 ఉన్న ఫైళ్లను చదివేస్తుంది. 660 అయితే రాసేస్తుంది కూడా.

ప్రతి ప్రాసెస్‌కీ అసలు గ్రూపు ఒకటి, అదనపు గ్రూపుల జాబితా ఒకటి వేర్వేరుగా ఉంటాయి. సెట్‌జీఐడీ ఆ జాబితా జోలికి పోదు. మీరు రూట్ షెల్ నుంచి నడిపి ఉంటారు, ఆ షెల్ జాబితా అలాగే వచ్చేసింది.

కాబట్టి ముందు ఆ జాబితాను మార్చే సెట్‌గ్రూప్స్‌కి ఖాళీ లిస్టు ఇవ్వండి, తర్వాత సెట్‌జీఐడీ, అన్నిటికన్నా చివర సెట్‌యూఐడీ. గ్రూపులు మార్చే హక్కు రూట్‌తోనే పోతుంది. మొదటిసారి మీకు ఎర్రర్ వచ్చింది అందుకే. ఆ యూజర్‌కి వేరే గ్రూపులు నిజంగా అవసరమైతే ఖాళీ లిస్టు బదులు ఆ యూజర్ గ్రూపులనే పెట్టే ఇనిట్‌గ్రూప్స్ వాడండి. సెట్‌ఈయూఐడీ మాత్రం వద్దు. మళ్లీ వెనక్కి మారడానికి దాచి ఉంచే సేవ్డ్ యూఐడీ 0గానే మిగిలిపోతుంది, చొరబడినవాడు ఒక్క కాల్‌తో మళ్లీ రూట్ అయిపోతాడు.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. ఈ మూడు కాల్స్ చుట్టూ ట్రై పెట్టి ఎర్రర్‌ని మింగేయకండి. 2010లో ఆండ్రాయిడ్ ఫోన్లను రూట్ చేసిన ఒక ఎక్స్‌ప్లాయిట్ (లోపాన్ని వాడుకునే కోడ్) సరిగ్గా ఈ సందులోంచే దూరింది. ప్రాసెస్‌ల సంఖ్యను పరిమితిదాకా నింపేసరికి కంప్యూటర్ నుంచి వచ్చే ఆదేశాలు అందుకునే ఏడీబీ డీమన్‌లో (ఫోన్‌లో వెనక నడిచే ప్రోగ్రామ్) సెట్‌యూఐడీ ఫెయిలైంది. ఫలితం ఎవరూ చూడలేదు, డీమన్ రూట్‌గానే నడుస్తూ పోయింది. పైథాన్ తనంతట తానే ఎర్రర్ విసురుతుంది, దాన్ని విసరనివ్వండి, సర్వర్ ఆగిపోనివ్వండి. యూజర్ మారాక సెట్‌యూఐడీ 0 అని ఒకసారి పిలిచి చూడండి. అది ఫెయిలవ్వాలి. పొరపాటున పనిచేస్తే అక్కడే ఎగ్జిట్.

జవాబు 2:

పైవారు చెప్పినదంతా సరే, కానీ డెబియన్ అంటున్నారు కాబట్టి అసలు రూట్‌గా మొదలుపెట్టడమే ఎందుకండీ? సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ యూనిట్ ఫైలులో యూజర్ లైను పెట్టి, ఆంబియంట్ కేపబిలిటీస్‌లో (రూట్ హక్కుల్లోంచి విడిగా ఇచ్చే ముక్కలు) చిన్న నంబరు పోర్టులు తెరిచే నెట్ బైండ్ సర్వీస్ ఒక్కటే ఇవ్వండి, 443 తెరుచుకుంటుంది. కీ ఫైలుని సర్వీస్‌కి అందించడానికి లోడ్ క్రెడెన్షియల్ ఉంది, సిస్టమ్‌డీ 247 నుంచి దొరుకుతుంది. మీ కోడ్‌లో రూట్ అన్న మాటే ఉండదు. నేనైతే ఇదే చేస్తాను.

అడిగినవారు:

సెట్‌గ్రూప్స్ పెట్టాక గ్రూప్స్ లైను ఖాళీగా వచ్చింది. ఇద్దరికీ ధన్యవాదాలు. యూనిట్ ఫైలు పద్ధతికి ఈ వారం మారతాను. రాత్రి బ్యాకప్ తీసే బ్యాష్ స్క్రిప్ట్ కూడా రూట్‌గా మొదలవుతుంది, దాని సంగతేంటి?

జవాబు 1:

బ్యాష్‌లో ఈ కాల్స్ ఉండవు. స్క్రిప్ట్ ఫైలుకి సెట్‌యూఐడీ బిట్ (ఫైలు యజమాని హక్కులతో నడపమనే గుర్తు) పెట్టినా లైనక్స్ పట్టించుకోదు. సెట్‌ప్రివ్ కమాండ్‌తో నడపండి: రీయూఐడీ (యూజర్), రీజీఐడీ (గ్రూపు), క్లియర్ గ్రూప్స్ (అదనపు గ్రూపులు ఖాళీ) ఆప్షన్లు మూడూ ఇవ్వాలి. గ్రూపుల సంగతి చెప్పకుండా రీజీఐడీ ఒక్కటే ఇస్తే అది ఒప్పుకోదు, నాకు ఆ కమాండ్‌లో నచ్చేది అదే. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని కొత్తగా పెట్టే రీసెట్ ఎన్వ్ కూడా జోడించండి, లేకపోతే హోమ్ వేరియబుల్ రూట్ ఫోల్డర్‌నే చూపిస్తూ ఉంటుంది, టూల్స్ తమ సెట్టింగుల కోసం అక్కడికే వెళ్లి తలుపు కొడతాయి.