లాలాజల గ్రంథిలో గడ్డ: సీటీ చూసి క్యాన్సరో కాదో తేల్చేయొచ్చా?

వెన్నెల_22: అమ్మకి చెవి కింద గడ్డ ఉందని కాంట్రాస్ట్ (నరంలోకి మందు ఎక్కించి తీసే) సీటీ తీయించాం. "పెరోటిడ్‌లో గడ్డ, అంచులు స్పష్టంగా ఉన్నాయి, బినైన్ అయ్యే అవకాశం ఎక్కువ" అని రిపోర్టు. పెరోటిడ్ అంటే చెవి దగ్గరి లాలాజల గ్రంథి, బినైన్ అంటే క్యాన్సర్ కానిది అట. సర్జన్ గారేమో ఎఫ్‌ఎన్‌ఏసీ, అదే సూది పరీక్ష, చేయించమంటున్నారు. అవసరమా?

ఫిల్మ్‌రూమ్: రేడియాలజిస్టుని, రోజూ ఈ స్కాన్‌లే చదువుతాను. చెడ్డ గడ్డ అయితే చాలాసార్లు సీటీలోనే దొరికిపోతుంది. అంచు చెదిరి పక్క కొవ్వులోకి, కండరంలోకి పాకుతుంది, ఎముకను తినేస్తుంది, మెడలో లింఫ్ గ్రంథులు పెరుగుతాయి. పైగా పెరోటిడ్ గడ్డల్లో సుమారు 80 శాతం బినైనే.

తమ్ముడు_ఒకడు: మా అక్కకీ "అంచులు నున్నగా ఉన్నాయి, బినైన్" అనే రాసిచ్చారు. హమ్మయ్య అనుకుని ఊరుకున్నాం. గడ్డ పెరుగుతుంటే ఆపరేషన్ చేశారు, బయాప్సీలో మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా అనే క్యాన్సర్ అని తేలింది. ఆ ఫిల్మ్ ఏం చూసి రాశారో!

సూటిమాట: సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది, జాగ్రత్త.

స్లైడ్‌బాక్స్: సన్న సూదితో అలా జరగడం చాలా అరుదండీ. కోసి ముక్క తీయడంతోనే భయం: ప్లియోమార్ఫిక్ అడినోమా అనే బినైన్ గడ్డ పొర చిట్లితే కణాలు చుట్టూ పడి, ఏళ్ల తర్వాత గుత్తులుగా మళ్లీ వస్తుంది. ఇక అంచుల సంగతి. లో-గ్రేడ్ (నెమ్మదిగా పెరిగే) మ్యూకోఎపిడెర్మాయిడ్ కూడా నున్నటి అంచుతోనే కనిపిస్తుంది. వార్తిన్ ట్యూమర్ బినైనే, అయినా వాచిందంటే అంచు చెదిరి క్యాన్సర్‌లా భయపెడుతుంది.

ఫిల్మ్‌రూమ్: అంచు ఒక్కటే చూస్తామని ఎవరన్నారు? కాంట్రాస్ట్ ఎక్కించిన కాసేపటికే ఒకసారి, ఆగి మరోసారి తీస్తే వార్తిన్ ఫిల్మ్‌లో త్వరగా మెరిసి త్వరగా తగ్గిపోతుంది, ప్లియోమార్ఫిక్ నెమ్మదిగా మెరుస్తూ పోతుంది.

స్లైడ్‌బాక్స్: కొన్ని క్యాన్సర్లూ అలాగే మెరుస్తాయి కదా. పైగా ఆ 80 శాతం పెరోటిడ్‌కే. దవడ కింది గ్రంథిలో దాదాపు సగం చెడ్డవే, నోటి లోపలి చిన్న గ్రంథుల్లో ఇంకా ఎక్కువ.

తమ్ముడు_ఒకడు: అంచు, మెరుపు, శాతాలు! మా అక్క ఏ శాతంలోకి వస్తుంది సార్?

ఫిల్మ్‌రూమ్: సూదీ తప్పుతుంది! ఒక్కోసారి నీళ్లే వస్తాయి, కణాలు రావు. గడ్డ లోపలి లోబ్‌లోకి ఎంత దిగిందో, ముఖాన్ని కదిలించే ఫేషియల్ నర్వ్‌కి ఎంత దగ్గరో సూది చెబుతుందా? మీకు రేడియాలజిస్టులంటేనే కోపం, అంతే.

తమ్ముడు_ఒకడు: కోపమే. ఫిల్మ్ తప్పు చదివారని కాదు, రెండూ ఒకేలా కనిపిస్తాయని ఇప్పుడు స్లైడ్‌బాక్స్ గారు చెప్పారుగా. కానీ బినైన్ అని రాస్తే మాకు "ఇంకేం చేయక్కర్లేదు" అనే వినిపిస్తుంది. ఆ ఒక్క మాట పట్టుకుని నెలలు పోగొట్టుకున్నాం.

ఫిల్మ్‌రూమ్: రిపోర్టు సర్జన్‌కి రాస్తాం, మీకు కాదు. ప్రతిదాంట్లో "క్యాన్సర్ కాదని చెప్పలేం" అని రాస్తే బినైన్ ఉన్న అంతమందికి నిద్ర ఉంటుందా? ఏం రాయమంటారో మీరే చెప్పండి.

తమ్ముడు_ఒకడు: కవరు మా చేతికే ఇస్తారు కదా. మేం చదవకుండా ఉంటామా?

వెన్నెల_22: ఇదంతా చదివి అమ్మ రిపోర్టు మళ్లీ తీశాను. కిందెక్కడో చిన్న అక్షరాల్లో "ఎఫ్‌ఎన్‌ఏసీతో సరిచూసుకోవాలి" అని ఉంది. స్కాన్ సెంటర్‌లో కవరిచ్చిన అమ్మాయి మాత్రం "బినైనే అంట, టెన్షన్ పడకండి" అంది.