‘అసలు ప్రతి’ ఉంటేనే పాట వేయాలా? నార్తర్న్ సోల్ రికార్డులపై చర్చ

ముల్లుగీత (లీడ్స్):
పోయిన శనివారం ఇక్కడ ఒక నార్తర్న్ సోల్ నైట్‌కి (అమెరికా నల్లజాతివారి పాత సోల్ పాటలకు జనం ఆడే రాత్రి) వెళ్లాను. కొత్త కుర్రవాడు పాటలు వేస్తున్నాడు, కాళ్లు జారేలా నేల మీద టాల్కం పౌడర్ చల్లుకుని జనం హాయిగా ఆడుతున్నారు. ఇంతలో ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, తిరుగుతున్న రికార్డు లేబుల్‌ను వంగి చూసి, “ఇది మళ్లీ అచ్చువేసింది” అని మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు. కుర్రవాడి ముఖం చిన్నబోయింది. ‘అసలు ప్రతులే (పాట మొదట వచ్చినప్పటి రికార్డులే) వేయాలి’ అనే నియమం ఇంకా ఎందుకు? నా దృష్టిలో ఇది వట్టి మడి.

పాతపెట్టె:
మడి అని తీసిపారేయకండి. 1960లలో డెట్రాయిట్, చికాగోల్లో చిన్న కంపెనీలు విడుదల చేసిన ఎన్నో పాటలు అమ్ముడుపోక గోదాముల్లో పడి ఉన్నాయి. ఆ వేగం, ఆ దరువు ఉత్తర ఇంగ్లండ్ కుర్రకారుకు పిచ్చెక్కించాయి. ఈ పాటలకు ఆడే క్లబ్బులు వెలిశాయి: మాంచెస్టర్‌లో ట్విస్టెడ్ వీల్, తరవాత 1973 నుంచి 1981 దాకా విగన్ ఊళ్లో విగన్ క్యాసినో. ఇంకొకరి దగ్గర లేని రికార్డు ఎవరి దగ్గర ఉంటే వాళ్లే మొనగాళ్లు. పోటీవాళ్లు కనిపెట్టకుండా లేబుల్ మీద కాగితం అంటించి దొంగ పేరు పెట్టేవారు. ఫ్రాంక్ విల్సన్ 1965లో పాడిన పాటను విగన్‌లో ఎడ్డీ ఫాస్టర్ పేరుతో వేశారు! ఈ నియమం ఆ వెతుకులాటలోంచి పుట్టింది.

ముల్లుగీత:
వెతికినవాడి కష్టం కాదనను. ఇప్పుడు వెతికేది ఎవరు? మీరు చెప్పిన విల్సన్ పాటే తీసుకోండి. ఆయన నిర్మాతగా ఉండిపోవడంతో విడుదల ఆగిపోయింది, తయారైన నమూనా ప్రతులు దాదాపు అన్నీ నాశనమయ్యాయి. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ఒకటి 2009లో 25,742 పౌండ్లకు, 2020లో లక్ష పౌండ్లకు చేతులు మారింది. అందులో గోదాము దుమ్ము ఏది? అదే పాటను దాన్ని తయారుచేసిన మోటౌన్ కంపెనీయే 1979లో బ్రిటన్‌లో విడుదల చేసింది కదా.

డిస్కు వైద్యుడు:
పక్కదారి పడుతున్నాను, క్షమించండి. ఒక సంతలో 180 పౌండ్లు పోసి ఒక నలభై ఐదు (నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు) కొన్నాను (పాట పేరు చెప్పను, సిగ్గు). ఇంటికొచ్చి దీపం కింద పెట్టి చూశాను. ఆ పాట అసలు ప్రతి స్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేసింది, తేలికగా, గట్టిగా ఉంటుంది, వంగదు. నాది మెత్తగా వంగింది. లేబుల్ పక్కన గాడులు ముగిసేచోట అచ్చు ముద్రతో ఉండాల్సిన అంకెలు సూదితో గీసినట్టు వంకరటింకరగా ఉన్నాయి. అమ్మినవాడు ఫోను ఎత్తలేదు. ధర పెరిగేకొద్దీ నకిలీలు పెరుగుతాయి, మరి.

కృష్ణవేణి:
అందరూ ప్లేటు గురించే మాట్లాడుతున్నారు, పాడినవాళ్ల సంగతి ఏమిటి? నకిలీ అచ్చువేసినవాడు గాయకుడికి పైసా ఇవ్వడు. పాత ప్రతి ఎన్ని వేలకు అమ్ముడుపోయినా ఆ డబ్బూ అమ్మినవాడి జేబులోకే. విల్సన్ 2012 దాకా బతికే ఉన్నారు, 2009 అమ్మకంలో ఆయనకు హక్కుగా రావలసిన వాటా ఏమీ లేదు. అదే లండన్‌లోని ఏస్ రికార్డుల సంస్థ 1982 నుంచి కెంట్ అనే తన లేబుల్ మీద హక్కుదారులకు డబ్బు కట్టి ఇలాంటి పాటలు మళ్లీ విడుదల చేస్తోంది. ఆ కుర్రవాడు వేసింది అలాంటిదైతే, ఆ గదిలో పాటకు న్యాయం చేసింది అతనొక్కడే.

పాతపెట్టె:
కృష్ణవేణిగారి మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఒక్కటి. అసలు ప్రతి అంటే లక్ష పౌండ్లే అనుకోవద్దు. నా పెట్టెలో సగం పది పౌండ్లలోపువే, ఎవరూ పట్టించుకోని పాటలు. మళ్లీ అచ్చువేసేవి ఎక్కువగా పేరు మోసిన పాటలే. నియమం ఎత్తేస్తే ఏ ఊళ్లో చూసినా అరిగిపోయిన ఆ వంద పాటలే వినబడతాయి. నా భయం అది.

ముల్లుగీత:
ఈ మాట ఆ పెద్దాయన అక్కడే చెప్పి ఉంటే కుర్రవాడు చెవులు రిక్కించి వినేవాడు. వచ్చే నెల మళ్లీ అతనే వేస్తున్నాడు. మీ పది పౌండ్ల ప్లేట్లు నాలుగు అతనికి అరువిస్తారా?

పాతపెట్టె:
అరువివ్వను. పెట్టె పట్టుకుని నేనే వస్తాను.